చింతపిక్కల నుంచి స్క్రాచ్ దాకా: పిల్లల చేత పంచాయతీ వీడియో గేమ్ చేయించడం ఎలా

ప్రజాస్వామ్యం మీద పిల్లలతో వీడియో గేమ్ చేయిద్దాం అనుకోగానే అందరికీ మొదట తట్టేది క్విజ్. తెర మీద ‘సర్పంచ్ పదవీకాలం ఎన్నేళ్లు?’ అని ప్రశ్న వస్తుంది, సరైన జవాబు నొక్కితే చప్పట్లు మోగుతాయి. అది రంగులు పూసిన ప్రశ్నపత్రం, అంతే. పిల్లలు రెండుసార్లు ఆడి వదిలేస్తారు.

వైకుంఠపాళి గుర్తు తెచ్చుకోండి. నిచ్చెన ఎక్కించేదీ గవ్వలే, పాము నోట్లో పడేసేదీ గవ్వలే. ఆడేవాళ్లు సొంతంగా నిర్ణయించుకునేది ఒక్కటీ ఉండదు. కర్మ సిద్ధాంతం చెప్పడానికి ఆ నియమం చక్కగా సరిపోయింది. ఓటు గురించి చెప్పాలంటే మాత్రం ఆడేవాళ్ల చేతిలో ఎంపిక ఉండాలి, ఆ ఎంపిక వల్ల ఎవరో ఒకరికి నష్టం జరగాలి, నష్టపోయినవాళ్లకు నోరు ఉండాలి. ఈ మూడూ నియమాల్లో ఉంటే తెర మీద బొమ్మలు గీతలూ చుక్కలూ అయినా ఫర్వాలేదు. లేకపోతే ఎంత మంచి బొమ్మలు వేసినా లాభం లేదు.

అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో కంప్యూటర్ మూడో తడవ దాకా తెరవం. ముందు కాగితం మీద, చింతపిక్కలతో ఆడిస్తాం. నియమాల మీద పిల్లలు పోట్లాడుకుంటారు. ఆ పోట్లాటే పాఠం.

కావలసినవి

8, 9, 10 తరగతుల పిల్లలు 24 మంది. ఆరుగురికి ఒక జట్టు చొప్పున నాలుగు జట్లు. ఒక్కో తడవ గంటన్నర, మొత్తం ఎనిమిది తడవలు. వారానికి ఒక శనివారం పెట్టుకుంటే రెండు నెలల్లో అయిపోతుంది. కంప్యూటర్లు జట్టుకు రెండు ఉంటే హాయి: ఒకదాని మీద కోడ్, ఇంకోదాని మీద బొమ్మలు. ఒక్కటే ఉన్నా నడుస్తుంది, కాకపోతే రెండు తడవలు పెంచుకోండి.

స్క్రాచ్ అంటే రంగు బ్లాకులు పేర్చి పిల్లలు సొంతంగా ఆటలు తయారుచేసుకునే ప్రోగ్రామింగ్ సాధనం. అది ఉచితం. దాన్ని అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు తయారుచేసి 2007లో అందరికీ అందుబాటులో పెట్టారు. ఇంటర్నెట్ నిలకడగా లేని బడికి ఆఫ్‌లైన్ యాప్‌ని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి ముందురోజే అన్ని కంప్యూటర్లలో వేసి, ఒక్కొక్కటీ తెరిచి చూసుకోండి. ఆ రోజే చూసుకుందాంలే అనుకుంటే మొదటి గంట అక్కడే పోతుంది.

జట్టుకు 20 చింతపిక్కలు, 30 కార్డులు, ఒక నోటుబుక్కు కావాలి. 20 పిక్కల్లో ఆరింటి మీద తెల్ల చుక్క, ఇంకో ఆరింటి మీద ఎర్ర చుక్క పెట్టండి. మిగిలిన ఎనిమిదీ అలాగే ఉంచండి. చుక్కలకు గోళ్లరంగు వాడండి. సున్నం పెడితే రెండు ఆటలకే రాలిపోతుంది.

ఈ చుక్కలు అలంకారం కోసం కాదు. కేంద్ర నిధుల పంపకాన్ని సిఫారసు చేసే ఆర్థిక సంఘాల్లో 15వది, 2021–26 కాలానికి గ్రామ పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతానికి షరతు పెట్టింది: 30 శాతం తాగునీటికి, 30 శాతం పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చని చెప్పింది. తెల్ల చుక్క తాగునీరు, ఎర్ర చుక్క పారిశుద్ధ్యం, చుక్క లేనిది ఊరి ఇష్టం. ‘సర్పంచ్ దగ్గర డబ్బుంది కదా, రోడ్డు ఎందుకు వేయడు?’ అనే ప్రశ్నకు సగం జవాబు పిల్లల అరచేతిలోనే దొరుకుతుంది.

మొదటి తడవ: కాగితం ఆట

కార్డుల మీద పనులూ వాటి ఖరీదూ రాయండి. పది రకాలు, ఒక్కోటి మూడు కార్డులు.

తాగునీరు: ట్యాంకు శుభ్రం 2, పైపులైను మరమ్మతు 3, కొత్త బోరు 6.
పారిశుద్ధ్యం: బడి మరుగుదొడ్లు 3, చెత్త బండి 4, మురుగు కాలువ 5.
మిగతావి: వీధి దీపాలు 3, శ్మశానం దారి 4, గ్రంథాలయం గది 5, సీసీ రోడ్డు 6.

జట్టులో ఐదుగురు ఐదు వార్డులు. ఆరో వ్యక్తి పంచాయతీ కార్యదర్శి: ఓటు ఉండదు, పిక్కలు లెక్కపెట్టడం, తీర్మానాలు నోటుబుక్కులో రాయడం ఆ వ్యక్తి పని. ఒక్కో వార్డు చేతిలో ఎప్పుడూ రెండు కార్డులు ఉండాలి. అవి ఆ వార్డు అవసరాలు. పది కార్డులు కలిపితే సగటున 41 పిక్కల పని. ఏటా వచ్చేవి 20. అవసరం ఆదాయానికి రెట్టింపు ఉండేలా ఈ అంకెలు కుదిర్చాం. మీరు కార్డులు మార్చినా ఈ నిష్పత్తి చెడకుండా చూసుకోండి. ఆదాయం 30కి పెంచితే అందరికీ అన్నీ వచ్చేసి నోరు విప్పాల్సిన పనే ఉండదు, 12కి తగ్గిస్తే నిరాశతో చేతులెత్తేస్తారు.

ఏడాదికి ఒక చుట్టు. పంచాయతీ పదవీకాలం ఐదేళ్లు కాబట్టి ఐదు చుట్లు. ప్రతి వార్డూ ఒక పని ప్రతిపాదించి అర నిమిషం మాట్లాడాలి. చేతులెత్తి ఓటు వేయాలి. ఐదింట మూడు వస్తే పని మంజూరు. చుక్క ఉన్న పిక్కలు ఆ పనికే వాడాలి, మిగిలినవి వచ్చే ఏడాదికి పోతాయి. పూర్తయిన పని కార్డు మళ్లీ కట్టలో కలపాలి, ఎందుకంటే వేసిన రోడ్డు గుంతలు పడకుండా ఉండదు. ఐదేళ్లయ్యాక తన వార్డులో ఎక్కువ పిక్కల పని చేయించుకున్నవాళ్లు గెలిచినట్టు.

నియమాలు చెప్పాక మీరు గోడవారగా నిలబడండి. నోరు మెదపొద్దు. దాదాపు ప్రతి జట్టులోనూ రెండో ఏడాదికో మూడో ఏడాదికో ఒకటే జరుగుతుంది: ముగ్గురు కళ్లతో సైగ చేసుకుని ఒక్కటవుతారు. అక్కడి నుంచి ప్రతి తీర్మానం మూడుకు రెండు. మిగతా ఇద్దరి వార్డుల్లో ఐదేళ్లూ చీకటి, బురద. ఆ ఇద్దరిలో ఒకరు ‘ఇది అన్యాయం సార్’ అని మీవైపు తిరుగుతారు. తీర్పు చెప్పకండి. ‘నియమం తప్పారా?’ అని అడగండి. తప్పలేదు. అంతా నియమం ప్రకారమే జరిగింది. మనకు కావలసిన చోటుకు ఆట వచ్చిందన్నమాట.

రెండో తడవ: నియమాన్ని మార్చడం

మార్చాలనుకునే నియమం ఒక్కటి చీటీ మీద రాయమనండి. ఒక్కొక్కరికీ ఒక్కటే. తర్వాత ఓటింగ్ పెట్టండి. కిటుకంతా ఇక్కడే ఉంది. పాత నియమంతో లాభపడ్డవాళ్లు ముగ్గురు, నష్టపోయినవాళ్లు ఇద్దరు. సవరణ కూడా మూడుకు రెండుతో వీగిపోతుంది! చేతిలో మెజారిటీ ఉన్నవాళ్లే నియమాలు కూడా రాస్తే ఏమవుతుందో పది పేజీల పాఠం కంటే ఈ రెండు నిమిషాలు బాగా చెబుతాయి.

ఇప్పుడు దారి చూపండి. వార్డు చీటీలు, కార్డులు వెనక్కి తీసుకుని కలిపేయండి. రాబోయే ఆటలో ఎవరికి ఏ వార్డు వస్తుందో, ఎవరు ఎవరితో కలుస్తారో తెలియకముందే మళ్లీ ఓటు పెట్టండి. ఇందాక వద్దన్నవాళ్లే ఈసారి చేయి ఎత్తుతారు. రాజ్యాంగ సవరణకు మామూలు మెజారిటీ ఎందుకు చాలదో చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు: పార్లమెంటు ఉభయసభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా మద్దతు ఉండాలి. జట్టుకు కూడా అలాంటి పట్టింపు పెట్టమనండి. మామూలు తీర్మానానికి ఐదింట మూడు, నియమం మార్చడానికి ఐదింట నాలుగు.

పిల్లలు తెచ్చే సవరణలు ఎక్కువగా మూడు రకాలుగా ఉంటాయి. మూడింట్లోనూ ఒక్కో చిక్కు ఉంది.

అందరికీ సమానంగా పంచుదాం అనేది మొదటిది. వినడానికి బాగుంటుంది. చుక్క లేని పిక్కలు ఎనిమిదిని ఐదుగురికి పంచితే తలా ఒకటి వచ్చి మూడు మిగులుతాయి. ఒక్కో పిక్క చొప్పున కూడబెట్టుకుంటే వీధి దీపాలకు మూడేళ్లు పడుతుంది, సీసీ రోడ్డు పదవీకాలంలో రానే రాదు. ‘వద్దు’ అని మీరు అనకండి, ఆడనివ్వండి. మూడో చుట్టుకి వాళ్లే విసుగెత్తి, వంతుల పద్ధతి పెట్టుకుంటారు.

రెండోది: ప్రతి వార్డుకీ రెండేళ్లలో కనీసం ఒక పని దక్కాలి. ఇది బాగా పనిచేస్తుంది. అయితే బలమైన ముగ్గురూ ఆ ఇద్దరి వార్డులకు ఎప్పుడూ రెండు పిక్కల ‘ట్యాంకు శుభ్రం’ మాత్రమే ఇచ్చి లెక్క సరిపెడతారు. మంచి నియమంలో సందు వెతకడం పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. అది దొరికాక ఆ సందుని ఎలా మూస్తారో వాళ్లనే రాయమనండి.

మూడోది అసంతృప్తి మీటరు. పని దక్కని వార్డుకు ఏటా ఒక మార్కు, అన్ని వార్డులవీ కలిపి నాలుగు మార్కులు దాటితే అందరూ ఓడినట్టే. వీడియో గేమ్‌లకు అలవాటుపడ్డ పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది. కానీ మీటరు మరీ సున్నితంగా ఉంటే ఒక్క వార్డు అలిగి ఊరందరినీ బెదిరించగలదు. నాలుగు బదులు ఆరు పెట్టి చూడమనండి.

ఒకేసారి రెండు నియమాలు మార్చనివ్వకండి. ఆట మెరుగుపడితే దేనివల్ల మెరుగుపడిందో, చెడితే దేనివల్ల చెడిందో తెలియకుండా పోతుంది. కార్యదర్శి నోటుబుక్కులో ప్రతి మార్పుకీ ఒక వరస: మార్చిన నియమం, అనుకూలం ఎందరు, వ్యతిరేకం ఎందరు, ఆడాక ఏమైంది. చివరి తడవలో పనికొచ్చేది ఈ పుస్తకమే.

రిజర్వేషన్ల మాట ఎలాగూ వస్తుంది, రానివ్వండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ పంచాయతీ స్థానాల్లో సగం మహిళలకు కేటాయించారు. ‘ఈ ఆటలో రిజర్వేషన్ నియమం ఉంటే ఏ చుట్టులో ఏం మారేది?’ అని అడిగితే చర్చ ఆట మీదే నిలుస్తుంది, ఇళ్లలో విన్న మాటల మీదికి పోదు.

మూడు, నాలుగు తడవలు: ఖజానాను స్క్రాచ్‌లోకి తేవడం

కాగితం మీద నిలదొక్కుకున్న నియమాలనే కంప్యూటర్ ఎక్కించాలి. ఈ దశలో సాధారణంగా జరిగే పొరపాటు ‘మంచి రాజు’ ఆట: తెర మీద ఒక సర్పంచ్, నాలుగు బటన్లు, ఏది నొక్కితే అది జరిగిపోతుంది. ఒక్కరే ఆడటానికి వీలుగా ఉంటుంది కాబట్టి పిల్లలు అటే జారతారు. గ్రామసభ మాయమైపోతుంది. దీన్ని ఆపడానికి ఒక షరతు ముందే గోడకు అంటించండి: ఒకే మనిషి నొక్కుడుతో పిక్క కదలకూడదు.

తెలంగాణ పిల్లలకు దీనికి మంచి ఆధారం ఉంది. అక్కడ 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక పంచాయతీ చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ కూడా సంతకం చేయాలి. ఆటలో అది రెండు మీటలు అవుతుంది: కీబోర్డు ఎడమ కొసన ఒకటి, కుడి కొసన ఒకటి. రెండూ ఒకేసారి నొక్కి ఉంచితేనే సొమ్ము విడుదల. ఒకే పిల్లవాడు రెండు చేతులు చాచి నొక్కేస్తాడనుకోండి, ‘సంతకం ఫోర్జరీ’ అని పక్కవాళ్లే పట్టుకుంటారు.

వేరియబుల్స్ (అంకెలు దాచుకునే పెట్టెల్లాంటివి) మూడు చాలు: తాగునీటి సొమ్ము, పారిశుద్ధ్య సొమ్ము, ఊరి సొమ్ము. పనుల పేర్లకు ఒక లిస్టు, ఖరీదులకు ఇంకో లిస్టు. రెండు లిస్టుల్లో వరస ఒకటే ఉండాలి. మధ్యలో ఒక పని తీసేసి ధర తీయడం మరిచిపోతే మరుగుదొడ్ల ధరకే బోరు వచ్చేస్తుంది. కోడ్‌లో ముందు ‘సొమ్ము చాలునా?’ అని చూసి ఆ తర్వాతే తీసివేయాలి. ఈ రెండింటి వరస తారుమారు చేస్తే ఖజానా సున్నా కిందికి దిగిపోయినా ఆట నడుస్తూనే ఉంటుంది.

తెలుగు అక్షరాల గురించి ఒక జాగ్రత్త. కాస్ట్యూమ్ (తెర మీద కనిపించే బొమ్మ) గీసే చోట టైపు చేసిన తెలుగు ఒక కంప్యూటర్‌లో బాగున్నా, వేరే కంప్యూటర్‌లో ఫాంటు మారి గీతలు దాటిపోవచ్చు. టైపు చేశాక ‘కన్వర్ట్ టు బిట్‌మ్యాప్’ నొక్కితే బొమ్మగా మారి నిలిచిపోతుంది. అయితే ఆ తర్వాత అక్షరదోషం దిద్దడం కుదరదు, కాబట్టి నొక్కేముందు ఇంకొకరి చేత చదివించండి. తెర వెడల్పు 480, ఎత్తు 360 పాయింట్లు. ఒక్కో పని పేరు రెండు మాటలకు మించితే ఇరుకవుతుంది.

మౌస్ పది నిమిషాలకోసారి చేతులు మారాలి. ఇది మొహమాటం లేకుండా గడియారం పెట్టి అమలు చేయండి. లేకపోతే మొదటి రోజు మౌస్ పట్టుకున్నవాళ్ల దగ్గరే ఎనిమిదో తడవకి కూడా ఉంటుంది. చాలాచోట్ల అది మగపిల్లాడే.

ఐదు, ఆరు తడవలు: పోలింగ్ బూత్

ఐదేళ్లు ముగిశాక సర్పంచ్ ఎన్నిక రావాలి. కోడ్ పరంగా ఆటలో అన్నిటికంటే చిన్న భాగం ఇదే. నేర్పేది మాత్రం ఇక్కడే ఎక్కువ, ఎందుకంటే పిల్లలు చేసే ప్రతి బగ్గుకీ (కోడ్‌లో తప్పుకీ) నిజం ఎన్నికల్లో ఒక విరుగుడు ఉంది.

ముందు గుర్తులు. గ్రామ పంచాయతీ ఎన్నికలు మన రెండు రాష్ట్రాల్లోనూ పార్టీ గుర్తుల మీద జరగవు. ఆటలో కూడా పార్టీలు వద్దు, బతికున్న నాయకుల పేర్లు వద్దు. సైకిలు, ఫ్యాను, కారు, కమలం, చెయ్యి, గాజు గ్లాసు గీయకూడదని ముందే చెప్పండి. గాలిపటం కూడా. రోలు, కుండ, దువ్వెన పెట్టుకుంటే ఏ ఇంటి నుంచీ ఫిర్యాదు రాదు.

ఓటు బటన్‌కు పిల్లలు మొదట రాసే కోడ్ ఇలా ఉంటుంది: ఫలానా కీ నొక్కితే కుండ ఓట్లు ఒకటి పెంచు. ఆ కీ నొక్కి పట్టుకుంటే ఓట్లు కుప్పలుగా పడతాయి. గది గొల్లుమంటుంది, నవ్వనివ్వండి. తర్వాత అసలు ఈవీఎంలో ఇది ఎందుకు జరగదో అడగండి. పోలింగ్ అధికారి దగ్గర కంట్రోల్ యూనిట్ ఉంటుంది. ఆయన ‘బ్యాలెట్’ బటన్ నొక్కితేనే ఓటరు ముందున్న యూనిట్ ఒక్క ఓటుకు తెరుచుకుంటుంది. స్క్రాచ్‌లో అదే ఇలా వస్తుంది (బ్లాకుల పేర్లు పలికినట్టే రాస్తున్నాం):

వెన్ గ్రీన్ ఫ్లాగ్ క్లిక్డ్
 సెట్ అనుమతి టు 0
 డిలీట్ ఆల్ ఆఫ్ ఓట్లు
 రిపీట్ (లెంగ్త్ ఆఫ్ అభ్యర్థులు)
  యాడ్ 0 టు ఓట్లు

వెన్ స్పేస్ కీ ప్రెస్డ్
 సెట్ అనుమతి టు 1

వెన్ దిస్ స్ప్రైట్ క్లిక్డ్ (కుండ బొమ్మకు)
 ఇఫ్ అనుమతి = 1 దెన్
  సెట్ అనుమతి టు 0
  రిప్లేస్ ఐటెమ్ 1 ఆఫ్ ఓట్లు విత్ (ఐటెమ్ 1 ఆఫ్ ఓట్లు) + 1
  సే ‘కుండ’ ఫర్ 7 సెకండ్స్

అనుమతిని సున్నా చేసే బ్లాకు ఇఫ్ లోపల మొట్టమొదట ఉండాలి. దాన్ని అడుగున పెడితే ఆ ఏడు సెకన్లూ తలుపు తెరిచే ఉంటుంది, బొమ్మ మీద క్లిక్ చేసినన్నిసార్లు ఓటు పడుతుంది. ఏడు సెకన్లు ఎందుకంటే వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీ మీద అచ్చువేసి చూపే యంత్రం) అద్దంలో చీటీ కనిపించేది అంతసేపే. ఆ ఏడు సెకన్లూ పూర్తయ్యేదాకా అధికారి స్పేస్ నొక్కకూడదు, తర్వాతి ఓటరును లోపలికి పిలవకూడదు. పిలిస్తే ముందరి ఓటు బయటపడుతుంది.

ఓట్లు సున్నా చేసే బ్లాకులు పెట్టడం పిల్లలు తరచూ మరిచిపోతారు. స్క్రాచ్‌లో ఫైలు సేవ్ చేస్తే వేరియబుల్స్‌లో, లిస్టుల్లో ఉన్న అంకెలు కూడా సేవ్ అవుతాయి. నిన్న పరీక్షగా వేసిన ఓట్లు ఇవాళ్టి ఎన్నికలో కలిసిపోతాయి. నిజం పోలింగ్ రోజున ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ జరిపి, లెక్క సరిపోయిందని చూపించి, ఆ ఓట్లు చెరిపేశాకే పోలింగ్ మొదలుపెట్టేది ఇలాంటి అనుమానం రాకుండా ఉండటానికే. మీ ఆటలో కూడా పక్క జట్టు నుంచి ఒక ఏజెంటును పిలిచి సున్నా చూపించాకే ఓటింగ్ మొదలుపెట్టించండి.

రహస్యం మాటేమిటి? వేరియబుల్ పక్కన ఉండే టిక్కు తీసేయకపోతే లెక్క తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. అది అందరికీ తెలిసిన తప్పే. ఇంకోటి ఉంది, తెలివైన పిల్లలు చేసేది. ఎవరైనా లెక్క సరిచూస్తామంటే చూపించడానికి ఉంటుందని ప్రతి ఓటునూ పడిన వరసలోనే ఒక లిస్టులో దాచుతారు: కుండ, రోలు, రోలు, కుండ… క్యూలో నాలుగోవారు ఎవరో గుర్తున్నవాళ్లకి నాలుగో ఓటు ఎవరిదో తెలిసిపోతుంది. లిస్టు పూర్తిగా తీసేస్తే రహస్యం దక్కుతుంది, సరిచూసుకునే వీలు పోతుంది. రెండూ కావాలంటే ప్రతి ఓటునూ లిస్టులో ఎక్కడో ఒకచోట దూర్చాలి: ఇన్సర్ట్ బ్లాకులో స్థానం దగ్గర పిక్ రాండమ్ 1 నుంచి లిస్టు పొడవు + 1 దాకా. వీవీప్యాట్ చీటీలు పెట్టెలో పడి కలగలిసిపోవడం లాంటిదే ఇది. ఈ ఒక్క బగ్గు మీద అరగంట గడిచినా తొందరపెట్టకండి.

ఎందరు పోటీ చేయొచ్చు? ముగ్గురికి మూడు వేరియబుల్స్ చేసుకున్న జట్టును ఈ ప్రశ్న అడగండి. నాలుగో మనిషి నామినేషన్ వేస్తే కోడ్ అంతా మళ్లీ రాయాలి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది బరిలో నిలిచారు. వారిలో ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లు పడతాయి. నోటాతో కలిపి 186 వరసలకు 12 యూనిట్లు పక్కపక్కనే పెట్టాల్సి వచ్చింది. అంతకుముందు 1996లో నల్గొండలో 480 మంది పోటీ చేశారు, అప్పుడు పేపర్ బ్యాలెట్. ‘మా కోడ్‌లో ముగ్గురికే చోటుంది’ అని ఎన్నికల అధికారి అనగలరా? వేరియబుల్స్ తీసేసి లిస్టు ఎందుకు పెట్టాలో పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది.

నోటా పెడతామంటారు, పెట్టనివ్వండి. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వచ్చింది. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో ముందున్నవారే గెలిచినట్టు. గెలుపు లెక్కించే లూపులో నోటా వరసను దాటేయకపోతే ‘నోటా సర్పంచ్ అయ్యారు’ అని తెర మీద పడుతుంది.

ఏడో తడవ: అవే ఓట్లు, వేరే లెక్క

ఓట్లు సమానమైతే? ‘ఒకటో ఓట్లు రెండో ఓట్ల కంటే ఎక్కువైతే ఒకటి, లేకపోతే రెండు’ అని రాసిన కోడ్ సమానం వచ్చినప్పుడల్లా చప్పుడు చేయకుండా రెండోవారిని గెలిపిస్తుంది. ఎవరూ కావాలని చేసిన మోసం కాదు, అయినా మోసమే. మన ఎన్నికల్లో సమానం వస్తే చీటీ తీస్తారు. కోడ్‌లో పిక్ రాండమ్ 1 నుంచి 2 పెట్టించండి. పరీక్ష కోసం ఓట్లు కావాలనే సమానంగా వేయించి, పదిసార్లు నడిపి చూడమనండి.

తర్వాత లెక్కింపు పద్ధతినే మార్చండి. 30 ఓట్లు అనుకుందాం: కుండకు 11, రోలుకు 10, దువ్వెనకు 9. మామూలు పద్ధతిలో కుండ గెలుస్తుంది, 19 మంది వద్దన్నా. ఇప్పుడు ప్రతి ఓటరునూ రెండో ప్రాధాన్యం కూడా చెప్పమనండి. అందరికంటే వెనకబడ్డ దువ్వెనను తప్పించి, ఆ తొమ్మిది మంది రెండో ప్రాధాన్యం చూస్తే ఏడు రోలుకు, రెండు కుండకు ఉన్నాయనుకోండి. రోలు 17, కుండ 13. మనుషులు మారలేదు, మనసులు మారలేదు, సర్పంచ్ మారిపోయారు. ఇది ఎక్కడో విదేశీ పద్ధతి కాదు. పట్టభద్రుల, ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికల్లో మొదటి ప్రాధాన్య ఓటు, రెండో ప్రాధాన్య ఓటు అని వినేది ఇదే, రాష్ట్రపతి ఎన్నికా ఇలాగే. మీ బడి మాస్టార్లలో కొందరు ఆ ఓటు వేసి ఉంటారు, వాళ్లనే పిలిచి అడగమనండి. ఆటలో రెండు బటన్లు పెట్టి రెండు ఫలితాలూ పక్కపక్కన చూపిస్తే చాలు, ఏది మెరుగని మీరు చెప్పక్కర్లేదు.

ఎనిమిదో తడవ: బయటివాళ్ల చేత ఆడించడం

ఆట చేసిన జట్టు తన ఆటను తాను పరీక్షించుకోలేదు. నియమాలన్నీ కంఠతా ఉంటాయి కాబట్టి తికమక కనిపించదు. వేరే తరగతి పిల్లలు ఐదుగురిని కూర్చోబెట్టండి. ఆట చేసినవాళ్లు వెనక నిలబడి చూడాలి, చేయి చూపకూడదు, ‘అక్కడ నొక్కు’ అనకూడదు. ఎక్కడ ఆగిపోయారో, ఎక్కడ విసుక్కున్నారో నిమిషాలతో సహా రాసుకోవాలి. ఇరవై నిమిషాల్లో ఆట ముగియకపోతే ఐదేళ్లను మూడేళ్లు చేయకండి, ప్రతిపాదన మీద మాట్లాడే సమయం తగ్గించండి.

ఆడినవాళ్లను మూడు ప్రశ్నలే అడగండి: ఈ ఊళ్లో ఎవరు నష్టపోయారు? ఏ నియమం వల్ల? దాన్ని మార్చాలంటే ఈ ఆటలో ఎవరిని ఒప్పించాలి? మొదటి ప్రశ్నకు ‘ఎవరూ నష్టపోలేదు’ అని జవాబు వస్తే అంకెలు వదులుగా ఉన్నాయన్నమాట, ఆదాయం తగ్గించండి. రెండోదానికి ‘మా ఖర్మ’ అంటే గవ్వలు ఎక్కువయ్యాయి, ఎంపికలు తక్కువయ్యాయి. మూడోదానికి ‘టీచర్‌ని’ అని వస్తే సవరణ నియమం ఆట తెర మీదికి రాలేదని అర్థం.

ఇంత అయ్యాక సొంత ఊరి లెక్కలు తెరవండి. ముందే తెరిస్తే పిల్లలకు అంకెల అడవిలా ఉంటుంది. ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఆ ఊరి అభివృద్ధి ప్రణాళిక, ఖర్చులు కనిపిస్తాయి. ఒక పిక్క ఎన్ని వేల రూపాయలో లెక్క కట్టి కార్డుల మీది ఖరీదులు మార్చమనండి. మీ ఊళ్లో బోరు ఖరీదు ఆరు పిక్కలకు సరిపోకపోవచ్చు, అప్పుడు మిగతా అంకెలూ కదులుతాయి, అవసరం ఆదాయానికి రెట్టింపు ఉందో లేదో మళ్లీ చూసుకోవాలి.

ఆట చూపించడానికి ఏప్రిల్ 24 పంచాయతీరాజ్ దినం బాగుంటుంది, కానీ ఆ సమయానికి బడులకు సెలవులు. జనవరి 25 జాతీయ ఓటర్ల దినం నాటికి సిద్ధం చేసుకుంటే బడిలో ఎన్నికల అక్షరాస్యత క్లబ్బు కార్యక్రమంతో కలిసిపోతుంది. నవంబరు మొదటివారంలో మొదలుపెట్టండి. పంచాయతీ కార్యదర్శినీ వార్డు సభ్యులనూ పిలిస్తే వాళ్ల చేత కూడా ఆడించండి, చుక్కల పిక్కలు చూడగానే వాళ్లు చెప్పేవి చాలా ఉంటాయి. ల్యాప్‌టాప్‌కు పూర్తి చార్జింగ్, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ, కాగితం ఆట డబ్బా దగ్గర ఉంచుకోండి. కరెంటు పోతే పిక్కలతో కొనసాగించవచ్చు. నియమాల కాగితం పెద్దక్షరాలతో అచ్చువేసి బల్ల మీద పెట్టి, అడుగున నాలుగు ఖాళీ గీతలు వదిలి, పక్కనే ఒక పెన్ను కట్టండి.